ఆయుధమునకు అర్హులెవ్వరు?

గూడూరునుండి రేణిగుంటకు పోవు రైలుమార్గమున వెంకటగిరియు, కాళహస్తియు తగులును. గూడూరునకు దాపుననే సైదాపురము కలదు. ఈ పేర్లు వినినంతనే నేటివారికి మొదటిదాని చీరలును, రెండవదాని వాయులింగమును, మూడవదాని అభ్రకపు గనులును జ్ఞప్తికి వచ్చును. రెండువందల యేండ్లకు పూర్వము ఇవి సాయుధ సంస్థానములు. కార్వేటినగరముతో చేర్చి ఈ నాలుగింటిని ఆంగ్లేయులు పడమటి పాళెములని వ్యవహరించిరి. వీని ప్రభువులు ఆర్కాటు నవాబునకు పేష్కషు చెల్లించుటతో వారి బాధ్యత తీరెడిది కాదు; కబురు వచ్చినపుడు తమ బంట్లతో యుద్ధమునకు పోవలసియుండెడిది.

1801 సంవత్సరమున కర్ణాటక రాజ్యపాలనము కుంపినీవారి వశమయ్యెను. మరునాడే యనదగినట్లు, 1802లో, ఈ నలువురు ప్రభువులకును శాశ్వత సన్నదులు దొరకెను. ఆ సన్నదులతో వారి సైనికసేవ రద్దయి, దానికి బదులు ఏటేట కొంత పైకము పేష్కషుతో చేరినది. అనగా కత్తికి వెలకట్టి రొక్కముగా మార్చిరి. రక్తపాతములేక, పద్దు పుస్తకములోని యొక్క పంక్తితో మా ప్రాంతమున నిరాయుధీకరణము ఇట్లు మొదలయ్యెను.

దత్త మండలములలో ఆ పని యింత సుళువుగా జరుగలేదు. 1800 మొదలు 1807 వరకు మన్రో దొరగారు అచ్చట ఎనుబదిమంది పాళెగాండ్రను అణచి, వారి బంట్లను చెదరగొట్టవలసివచ్చెను. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాను రహస్యముగా ఫిరంగులును మందుగుండును కూర్చుకొనుచున్నాడని పసిగట్టి, కుంపినీవారు కోటను పట్టుకొని ఆయనను తిరుచినాపల్లికి పంపిరి. 1846లో తిరుగబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరిలో కోయిలకుంట్లలో ఉరితీసిరి. ఈ యుదంతము లన్నిటను ప్రభుత్వమునకు కావలసినది ఒక్కటే: తుపాకి తన చేత దప్ప ఇతరుల చేత నుండరాదు.

1857 సిపాయిల తిరుగుబాటు తరువాత ఈ కోరిక శాసనరూపమును పొందెను. 1857లోను, 1860లోను వచ్చిన చట్టములను మించినది లిట్టను ప్రభువు కాలమున 1878లో వచ్చిన ఆయుధ చట్టము. దేశభాషా పత్రికల నోరుమూయు చట్టమును ఆ సంవత్సరమే పుట్టినది. పత్రికల చట్టము రిప్పను ప్రభువు దయవలన 1882లో తొలగెను గాని, ఆయుధ చట్టము నిలిచిపోయెను.

ఇచ్చట పాఠకులు ఒక్కక్షణ మాగి యోచింపవలెనని మా ప్రార్థన. లైసెన్సు అడుగుటయే యొక అవమానమా? కాదని మా యభిప్రాయము. ఈ పద్ధతి దొరలు తెచ్చినదియుం గాదు. సైనికులు కానివారు రాజముద్రతో అనుమతి పొందిననే తప్ప ఆయుధములు ధరించి తిరుగరాదని కౌటిల్యుడు అర్థశాస్త్రమున విధించియే యున్నాడు. మారణసాధనమును చేబట్టువానిని "నీవెవ్వడవు, నీకిది యేల?" అని యడుగు హక్కు ఏ ప్రభుత్వమునకైనను కలదు. 1878 నాటి దోషము అడుగుటలో లేదు. కొందరినే యడిగి, కొందరిని అడుగకుండుటలో నున్నది. ఐరోపావారును, అమెరికావారును, యురేషియనులును లైసెన్సు లేకయే తుపాకి యుంచుకొనవచ్చును. ఈ దేశమున పుట్టిన రైతు తన చేను కాచుకొనుటకు పాత తుపాకి యొకటి కావలెనన్నను కచ్చేరి వాకిట నిలువవలెను. యోగ్యతను నిర్ణయించినది నడవడి కాదు, జన్మము.

దీనికి ఏడేండ్లు ముందుగా, 1871లో, అదే ప్రభుత్వము నేరజాతుల చట్టమును చేసెను. 1911 తరువాత అది చెన్నరాజధానికిని వ్యాపించి, మన యెరుకలవారి నెందరినో పుట్టుకతోనే నేరస్థులుగా పట్టికల కెక్కించెను. ఒక చట్టము తల్లిగర్భమునుండియే కొందరిని దొంగలనుగా ఎంచెను. ఇంకొక చట్టము తల్లిగర్భమునుండియే కొందరిని పెద్దమనుష్యులనుగా ఎంచెను. ఈ రెండును ఒక్క బుద్ధికి పుట్టిన కవలలు.

పరులను నిందించుటతోనే తృప్తిపడుదమా? ధర్మమున కడ్డంకి కలిగినపుడు ద్విజులు శస్త్రము పట్టవచ్చునని మనుస్మృతి చెప్పును. ద్విజులు కానివాని ధర్మమున కడ్డంకి కలిగినచో అతడేమి చేయవలెనో ఆ వాక్యమున లేదు. 1887లో బద్రుద్దీన్ త్యాబ్జీగారి అధ్యక్షతను మన చెన్నపట్టణమున కూడిన కాంగ్రెసు మహాసభ ఆయుధ చట్టమును సడలింపుడని తీర్మానించినది. వ్రాతమూలకముగా కారణములు చూపి ప్రభుత్వము నిషేధించినవారు తప్ప తక్కినవారందరును ఆయుధములుంచుకొన గలుగవలెనని అందలి సారము. మంచి మాటయే. కాని నిషేధింపదగినవారిని వ్యక్తులుగానే కాక, ప్రత్యేక సంఘములకును తరగతులకును చెందినవారుగా కూడ ఆ తీర్మానము పేర్కొనెను. హక్కునకై పోరాడిన పెద్దలకు సైతము జన్మపు కొలబద్దను పూర్తిగా పారవేయుటకు చేతులు రాలేదు.

వర్ణభేదముతో కూడిన మినహాయింపు 1920 నాటి నియమములతో తొలగెను. రెండేండ్లకే, 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో, అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై పడి 26 తుపాకులను, 2,500కు పైగా తూటాలను కొనిపోయెను. తన ప్రజలకు ఆయుధము దొరకు చోటు సర్కారు ఠాణా తప్ప వేరొకటి లేదని ఆ వీరుడు ఎరుగును. 1931లో కరాచీ కాంగ్రెసు, నియమములకు లోబడి ఆయుధధారణము పౌరుని హక్కని ప్రకటించినది.

మరి స్వరాజ్యము వచ్చినపుడు ఆ హక్కు రాజ్యాంగమున కెక్కవలదా? 1948 డిసెంబరులో హెచ్. వి. కామత్‌గారు రాజ్యాంగసభలో ఆ సవరణనే ప్రతిపాదించిరి. అంబేద్కరుగారు ఒప్పుకొనలేదు. ప్రతివాడును అంగడికి పోయి అడ్డులేక మారణాయుధములు కొనగలిగినచో రాజ్యపాలనము సాగుట యెట్లని ఆయన ప్రశ్న. సవరణ వీగిపోయెను. జన్మము పేరిట చేసిన చట్టముల దెబ్బను పూర్వపు తరములనుండి ఎరిగిన మహనీయుడు, అందరికిని ఆయుధమనక, ఎవ్వరికిని నిర్నిబంధముగా వలదనుట గమనింపదగినది. ఆయుధ విషయము కేంద్రము జాబితాలో చేరినందున, రాష్ట్రమునకొక తీరున శాసనము చేయు వీలు మనకు లేదు.

అమెరికాలో సంగతి వేరు. 1791 నాటి రెండవ సవరణము ఆయుధధారణమును ప్రజల హక్కుగా పేర్కొన్నను, కొనుటను, మోయుటను గూర్చి రాష్ట్రమున కొక చట్టము కలదు. న్యూజెర్సీలోని తెలుగువాడు చేతితుపాకి కొనుటకు ముందుగా పోలీసు అనుమతి పొందవలెను. టెక్సాసులోని తెలుగువాడు, చట్టము నిషేధించినవాడు కానిచో, 1921 కాదు, 2021 నుండి లైసెన్సు లేకయే దానిని నడుమున ధరించి తిరుగవచ్చును. కొందరు దీనిని స్వేచ్ఛకు పరాకాష్ఠ యందురు. కాని ఆ స్వేచ్ఛాదేశముననే బానిసత్వము పోయిన 1865లో మిసిసిపీ రాష్ట్రము, విముక్తులైన నల్లవారు లైసెన్సు లేక తుపాకి యుంచుకొనరాదని చట్టము చేసెను. తెల్లవారికి ఆ నిర్బంధము లేదు. పదుమూడేండ్ల తరువాత లిట్టను ప్రభువు మనకు చేసినదియు ఇదియే గదా. హక్కు గొప్పదిగా వ్రాసికొన్న దేశమునను, అది లేని దేశమునను, వ్యాధి యొక్కటియే.

1959లో మన పార్లమెంటు కొత్త ఆయుధ చట్టమును చేసెను; అది 1962 అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చెను. తుపాకి కొనుటకు, ఉంచుకొనుటకు, మోయుటకు లైసెన్సు కావలెను. అమ్ము వర్తకునికిని కావలెను. ఇరువదియొక్క యేండ్లు నిండవలెను. పోలీసు నివేదిక తెప్పించి చూడవలెను. నిరాకరించినచో, ప్రజాక్షేమమునకు భంగమని తోచిన సందర్భమున దప్ప, కారణమును వ్రాతమూలకముగా తెలుపవలెను. దానిపై అప్పీలు కలదు. 1887లో చెన్నపట్టణమున అడిగిన వ్రాతమూలక కారణము డెబ్బదిరెండేండ్లకు మనకు లభించినది. 2019 సవరణముతో ఒకనికి మూడు తుపాకులనుట రెండునకు తగ్గెను. పెండ్లిండ్లలోను ఉత్సవములలోను ఇతరులకు ప్రమాదము కలుగునట్లు తుపాకి పేల్చుట రెండేండ్ల శిక్షకు తగిన నేరమయ్యెను. ఇవి మెచ్చదగిన మార్పులు.

అయినను జన్మపు కొలబద్ద పూర్తిగా విరుగలేదు. పొరుగున కొడగుసీమలో కొడవజాతివారికి లైసెన్సు మినహాయింపు ఆంగ్లేయుల నాటినుండి వచ్చుచున్నది. 2019లో దానిని మరి పదేండ్లు పొడిగించిరి. వారి శౌర్యమును మేము కాదనము. శౌర్యము జాతికి ఇనాముగా వచ్చునా యనుటయే మా సందేహము.

మా ప్రాంతమున వేరొక కొలబద్ద పుట్టినది. అది హోదా. వెలిగొండల దాపున చేలు గల చిన్నరైతును అడవిపందులు రాత్రులందు నిద్రపోనీయవు. పంట కాపునకై నోటిగుండా మందుకూరు తుపాకికి లైసెన్సు ఇయ్యవలెనని చట్టమే చెప్పుచున్నది. 1972 వన్యప్రాణి చట్టమును బట్టి పందిని చంపుటకు ప్రత్యేకానుమతి కావలెను గాని, బెదరించుటకైన అది పనికివచ్చును. కాని ఆ రైతునకు కచ్చేరి త్రోవ తెలియదు. తెలిసినను పోవుటకు జంకును. కడకు చేనుచుట్టు కరెంటు తీగ పరచును. ఆ తీగకు పందులేగాక, వేకువను పొలమునకు పోవు మనుష్యులును బలియగుచున్నారు. ఇంకొకచో, చేను లేనివాడు, శత్రుభయము చూపి, నడుమునకు పిస్తోలు తగిలించుకొని ఊరేగును. వానికది రక్షణ కాదు, ఆభరణము. ఎన్నికల వేళ దానిని పోలీసు ఠాణాలో అప్పగింపుమని అధికారులు కోరుదురు. ఓటరుల మేలునకై దాచవలసిన ఆయుధము, తక్కిన దినములలో వాని పొరుగువారి మేలునకు ఎట్లుండునో ఆలోచింపుడు.

1802లో పాళెగాని కత్తి పేష్కషుగా మారినది; 1878లో తుపాకి చర్మపు రంగును చూచినది; నేడది పలుకుబడిని చూచుచున్నది. చట్టమును సడలింపుమని మేము కోరము. చట్టమున వ్రాసియున్నదానినే నడపుమని కోరుదుము. అర్జీదారుని అవసరమేమి, నడవడి యేమి అను రెండు ప్రశ్నలు తప్ప మూడవది కచ్చేరిలో వినబడరాదు. మా సోదరులకును ఒక మనవి. పెండ్లిపందిటిలో పిస్తోలు ధరించి వచ్చినవానికి ముందువరుసలో కుర్చీ వేయుట మనము మానవలెను. లైసెన్సు ఇచ్చునది సర్కారే గాని, దానికి గౌరవమిచ్చుచున్నవారము మనమే.