బయటికి పోయే గాలిలోని వేడి

పాత గాలిని బయటికి పంపుతూ, దాంతోపాటు పోయే వేడిని లోపలికి వచ్చే కొత్త గాలికి అందించే పరికరమే హీట్ రికవరీ వెంటిలేటర్. వృథాగా పోయే వేడిని పట్టి మళ్లీ వాడుకోవాలన్న ఆలోచన పాతదే. స్కాట్లండ్ మతబోధకుడు రాబర్ట్ స్టిర్లింగ్ 1816లోనే తన ఇంజన్‌లో ఆ పని చేసే అమరికకు పేటెంటు తీసుకున్నాడు. అయినా అది మామూలు ఇంటి గడప తొక్కడానికి నూట యాభై ఏళ్లకు పైగా పట్టింది. అంతకాలం తలుపు సందుల్లోంచి, కిటికీ చట్రాల పక్క నుంచి గాలి దానంతటదే వచ్చిపోయేది. పిలవకుండా వచ్చే గాలికి యంత్రం ఎవరికి కావాలి? ఆ సందులు పూడ్చాకే దీని అవసరం పుట్టింది. అందుకే దీని చరిత్రను యంత్రాల్లో కంటే గోడల్లో వెతకడమే సరైనదని నా అభిప్రాయం.

1973 చమురు సంక్షోభం తర్వాత కెనడాలోని సస్కాచివాన్ రాష్ట్ర ప్రభుత్వం, తమ వాతావరణానికి తగిన సోలార్ ఇల్లు రూపొందించమని అక్కడి పరిశోధన మండలిని కోరింది. హెరాల్డ్ ఓర్ బృందానికి ఒక చిక్కు కనిపించింది: వేడి ఎక్కువగా కావలసిన రోజుల్లోనే అక్కడ ఎండ తక్కువ. అందుకే ముందు ఉన్న వేడి పోకుండా చూడాలనుకున్నారు. 1977లో రెజైనా నగరంలో కట్టిన సస్కాచివాన్ కన్సర్వేషన్ హౌస్‌కు గోడలు మందంగా పెట్టి, లోపల ప్లాస్టిక్ పొరను సందు లేకుండా అతికించారు. ఇంటిని వేడిచేసే మామూలు ఫర్నేస్ పెట్టనే లేదు. అయితే గాలి ఆడని ఇంట్లో తేమ, వంట వాసనలు, మనుషులు వదిలిన గాలి అన్నీ నిలిచిపోతాయి. దానికి జవాబే రాబర్ట్ బెసాంట్ తదితరులు తయారుచేసిన ఉష్ణ మార్పిడి పెట్టె. అలాంటి పెట్టెలో పలుచని రేకులు పొరలు పొరలుగా ఉంటాయి. ఒక సందులో వెచ్చటి గాలి బయటికి, పక్క సందులో చలిగాలి లోపలికి ఎదురెదురుగా సాగుతాయి. గాలులు కలవవు, రేకు గుండా వేడి మాత్రం దాటుతుంది. చల్లబడిన పాత గాలిలోని తేమ నీటి చుక్కలై గొట్టం గుండా కారిపోతుంది. చలి ముదిరితే అదే మంచై సందుల్ని మూసేస్తుంది కాబట్టి, మధ్యమధ్య చలిగాలిని ఆపి దాన్ని కరిగించాల్సి వచ్చింది.

ఫ్యాన్లకూ కరెంటు ఖర్చవుతుంది కదా, ఇక ఆదా ఎక్కడ అన్న ప్రశ్న న్యాయమైనదే. లెక్క చూద్దాం. బయట మైనస్ 30, లోపల 21 డిగ్రీలు. సెకనుకు 30 లీటర్ల గాలి మార్చాలంటే, దాన్ని వేడిచేయడానికే సుమారు 1,800 వాట్లు కావాలి. అందులో 80 శాతం తిరిగి దక్కితే 1,400 వాట్లకు పైగా మిగులు. ఫ్యాన్లకు వంద వాట్లు పోయినా నష్టం లేదు. అదే తేడా ఐదు డిగ్రీలే అయితే లాభం దాదాపు హరించుకుపోతుంది. అందుకే హైదరాబాద్ చలికాలానికి తెరిచిన కిటికీ చాలు. ఏసీ వేసి మూసిన గదుల సంగతి వేరు. అక్కడ తేమనూ అడ్డుకోవాలి. ఆ పని చేసే కాగితపు పొరల పరికరాన్ని జపాన్‌లో మిత్సుబిషి ఎలక్ట్రిక్ 1970లోనే తెచ్చింది.

1991లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో వోల్ఫ్‌గాంగ్ ఫైస్ట్, అతి తక్కువ ఇంధనంతో వెచ్చగా ఉండే ‘పాసివ్ హౌస్’ తరహా ఇళ్లలో మొదటిదాన్ని పూర్తిచేసినప్పుడూ వరస ఇదే: ముందు బిగువైన గోడ, ఆపై వేడిని దక్కించుకునే వెంటిలేషన్. ఈ పెట్టె ఇప్పుడు కెనడాలో చాలా కొత్త ఇళ్ల బేస్‌మెంట్లలో ఉంటోంది. అక్కడ స్థిరపడిన మనవాళ్లకు ఒక్క మాట: దుమ్ము పట్టిన ఫిల్టర్‌తో అది గాలి సరిగా అందించలేదు, రెండు మూడు నెలలకోసారి తీసి శుభ్రం చేయండి.