ఉప్పు పన్నును గూర్చిన తలంపులు



వేసవిలో ఇసకపల్లి వైపు వెళ్లినవారు ఉప్పు మళ్లను చూచియే యుందురు. సముద్రపు నీటిని మళ్లలోనికి పారించి, ఎండకు ఇగురనిచ్చి, తెల్లని ఉప్పును కుప్పలు వేయుదురు. నీరును ఎండయు దేవుడిచ్చినవి; కష్టము కూలివానిది. ఇంత చౌకయైన ఉప్పు విషయమై రెండు దేశములలో ప్రభుత్వములే కదలినవనిన వింతగా తోచును గాని, అది నిజము.

మొదట ఫ్రాన్సు సంగతి చూతము. అచ్చట ఉప్పు పన్నును 'గాబెల్' అనిరి. అది మిక్కిలి భారముగా నుండిన సీమలలో ఎనిమిదేండ్లు దాటిన ప్రతి మనిషి పేరను ఏటేట ఇంత ఉప్పని, ప్రభుత్వము పెట్టిన ధరకు, రాజుగారి కొటారులో కొనవలసినదే. గొప్ప వంశముల వారికిని మతగురువులకును ముఖ్యమైన పన్నులు లేకుండెను. దేశపు భూమిలో సుమారు పదియవ వంతు గలిగిన అచ్చటి సంఘము, పన్నునకు మారుగా తానే నిర్ణయించిన కానుకను రాజునకు ఇచ్చుచుండెను. బోధకుడనైన నేను ఈ మాట వ్రాయుటకు సిగ్గుపడుచున్నాను. అయినను దాచుట న్యాయము కాదు.

ఆ కాలమున కొందరు పండితులు ప్రశ్నింప మొదలుపెట్టిరి. 1748లో మాంటెస్క్యూ, శాసనము చేయుట, దానిని జరిగించుట, తీర్పు తీర్చుట అను మూడధికారములు ఒక్కచేతనే యుండిన ప్రజలకు స్వేచ్ఛ యుండదని వ్రాసెను. సరకు వెలకు ఎన్నో రెట్లు పన్ను వేసి, చిన్న తప్పునకు ఘోరశిక్ష విధించుటను ఆ గ్రంథమందే తప్పుపట్టెను. 1758లో కెనే అను వైద్యుడు దేశపు సంపదకు మూలము భూమియేయని పట్టిక వేసి చూపెను. సేద్యగాని పెట్టుబడిని పన్ను మ్రింగివేసిన దేశమే బీదదగునని అతని భావము. 1762లో రూసో, సార్వభౌమాధికారము ప్రజలదేయనెను. 1774లో మంత్రియైన టుర్గో, రోడ్లు వేయుటకు రైతులచే చేయించు వెట్టిని మాన్పింప జూచెను. పెద్దలు ఎదిరింపగా 1776లో పదవి పోగొట్టుకొనెను.

తలంపులు మాత్రమే విప్లవమును తేలేదు. రాజు అప్పులు, 1788లో పంట చెడుట, రొట్టె ధర పెరుగుట కూడ కారణములు. అయితే ఆకలిగొన్న వానికి 'ఇది విధి కాదు, అన్యాయము' అని చెప్పినవి ఆ తలంపులే. 1789లో విప్లవము వచ్చెను. 1790లో గాబెల్ రద్దయ్యెను. తరువాత ఎంతో రక్తము చిందెను. 1806లో నెపోలియను ఉప్పుపై పన్నును మరల తెచ్చెను.

మన తీరపు సంగతి వినుడి. ఫ్రాన్సులో గాబెల్ పోయిన పదునైదేండ్లకే, అనగా 1805లో, ఈస్టిండియా కంపెనీ మద్రాసు రాజధానిలో ఉప్పు వ్యాపారమంతయు తన గుత్తగా చేసికొనెను. వర్తకుల కంపెనీ రాజ్యమేలుట ప్రజలకు క్షేమము కాదని ఆడం స్మిత్ 1776లోనే హెచ్చరించియుండెను. వారి దేశస్థుని మాటయే వారు వినలేదు! 1923లో చట్టసభ కాదన్నను వైస్రాయి తన అధికారముతో మణుగుకు రూపాయి నాలుగణాల పన్నును రెండున్నర రూపాయలు చేసెను. మరుసటి యేట తగ్గింపవలసి వచ్చెను. 1930 ఏప్రిల్ 6న గాంధీగారు దండిలో పిడికెడు ఉప్పు తీసిరి. మన జిల్లాలో మైపాడు తీరమునను ఆ శాసనమును ధిక్కరించిరి. 1931 మార్చి ఒడంబడికతో, ఉప్పు దొరకు చోట్ల గ్రామస్థులు తమ వాడుకకు తీసికొన వీలు కలిగెను. 1947లో పన్ను తొలగెను. 1950 నాటి మన రాజ్యాంగము, చట్టము లేనిదే ఏ పన్నును వేయరాదని 265వ అధికరణమందు నిశ్చయించెను.

పన్ను కట్టుట తప్పు కాదు. ఎవరి అనుమతితో, ఎవరి మేలుకొరకు అని అడుగుటయు తప్పు కాదు. ఈ ప్రశ్నను పంచాయతీలో అడుగు మనము, సంఘపు కానుకల లెక్కను కూడ అందరి యెదుట చదివి వినిపింతము. పిడికెడు బియ్యము తెచ్చిన విధవరాలికి ఆ లెక్క అడుగు హక్కు కలదు. ఫ్రాన్సు సంఘము ఆ లెక్క చెప్పక ఎంత పోగొట్టుకొన్నదో మరువకుందము.