నారాయణఖేడ్ సీమ – రాష్ట్ర చిహ్నములు

రాజ్యముల యెల్లలు కాగితముపై మారును. జనుల ఆచారములు అంత త్వరగా మారవు. ఈ సత్యమునకు నారాయణఖేడ్ చరిత్రయే నిదర్శనము.

నిజాముల కాలమున ఈ తాలూకా బీదరు జిల్లాలోనిది. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశమున విలీనమైన పిదపను అట్లే యుండెను. 1956 నవంబరు 1న రాష్ట్రముల పునర్విభజన జరుగగా, బీదరు పట్టణము మైసూరు రాష్ట్రమునకు పోయెను. నారాయణఖేడ్ మెదక్ జిల్లాలో చేరి ఆంధ్రప్రదేశ్‌లోని దయ్యెను. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్ర మేర్పడెను. 2016 అక్టోబరులో ఈ ప్రాంతము సంగారెడ్డి జిల్లాకు చెందినది. 1950లో ఇచ్చట జన్మించి ఊరు కదలనివారు సైతము మూడు రాష్ట్రములలో నివసించిన వారైరి.

2014 నవంబరులో ప్రభుత్వము రాష్ట్ర చిహ్నములను ప్రకటించెను. ఉమ్మడి రాష్ట్రమునాటి పాలపిట్టయే పక్షిగా నిలిచెను. వేపకు మారుగా జమ్మి వృక్షమయ్యెను, కలువకు మారుగా తంగేడు పుష్పమయ్యెను, జింక జంతువయ్యెను. రాష్ట్ర ముద్రయందు కాకతీయ కళాతోరణమును చార్మినారును కలిసి యున్నవి.

ఇవి జనులకు క్రొత్తవి కావు. ఏ ఉత్తరువును రాకమున్నే ఆడపడుచులు తంగేడుపూలను బతుకమ్మగా పేర్చి తలకెత్తుకొనిరి. దసరానాడు పాలపిట్టను చూచుట శుభమని పెద్దలు నమ్మిరి. జమ్మి ఆకును బంగారమని పంచుకొనిరి. ఎల్లకు ఆవల కన్నడిగులును అదే ఆకును ‘బన్ని’ యని పిలిచి బంగారముగనే ఇచ్చిపుచ్చుకొందురు.

చిహ్నము రాష్ట్రమునకు గుర్తు. ఆచారము ఇరుగుపొరుగుల బంధువు. ఈ రెంటిని ఎరిగిన సరిహద్దు గ్రామమునకు ఎల్ల అడ్డుగోడ కాదు.