కోఠీ రెసిడెన్సీ, హైదరాబాద్: కట్టుబడి, లోపలి అలంకరణ

హైదరాబాద్‌లో మూసీకి ఉత్తరపు ఒడ్డున, సుల్తాన్ బజార్ రద్దీని ఆనుకుని ఉన్న పాత బ్రిటిష్ రెసిడెన్సీ భవనం ఇది. నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ తరఫున ఉండే రెసిడెంట్ నివాసం కోసం 1803లో పని మొదలై, 1806 ప్రాంతంలో పూర్తయింది. ఇంగ్లండు పల్లెసీమల్లో అక్కడి ప్రభువులు కట్టుకున్న మహాసౌధాల పద్ధతిలో దక్కనులో లేచిన కట్టడాల్లో దీనిదే మొదటి పీట. కోఠీ పేటకు ఆ పేరు వచ్చింది కూడా ఈ భవనం వల్లే.

1798లో నిజాం అలీ ఖాన్ కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. ఫ్రెంచి అధికారుల చేతి కింద ఉన్న నిజాం దళాలను అదే ఏడాది రద్దు చేశారు. ఈ రెండు పనులూ నడిపించిన రెసిడెంట్ జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్. మద్రాసులో పుట్టినవాడు, ఫార్సీ ధారాళంగా మాట్లాడేవాడు, హష్మత్ జంగ్ బిరుదుతో నగరంలో పలుకుబడి సంపాదించినవాడు. అప్పటిదాకా రెసిడెంట్లు నది ఒడ్డు తోటలోని పాత కట్టడాల్లోనే కాపురం వెళ్లదీశారు. దర్బారులో కంపెనీ మాట చెల్లుబాటు కావడం మొదలయ్యాక, ఆ సంగతి వచ్చినవాళ్లందరికీ తెలిసేలా ఒక ఇల్లు కావాలనుకున్నాడు కిర్క్‌పాట్రిక్. పెద్ద కాగితం మీద గీయించిన నక్షా పంపితే నిజాం కాదన్నాడనీ, అదే నక్షాను చిన్న కార్డు మీద గీసి పంపేసరికి ఒప్పుకున్నాడనీ ఒక కథ నగరంలో చాలాకాలంగా ఉంది. కథ మాట ఎలా ఉన్నా ఖర్చు మాత్రం నిజాం ఖజానాదే. దీన్ని ఇంగ్లీషువాళ్ల భవనమని ఒక్క మాటలో తేల్చేసేవాళ్లు ఈ సంగతి దాటేస్తారు. స్థలం హైదరాబాద్‌ది, సొమ్ము హైదరాబాద్‌ది, సున్నం నూరి గోడ లేపిన చేతులూ ఇక్కడివే.

నక్షా గీసింది మద్రాసు ఇంజినీర్ల దళానికి చెందిన లెఫ్టినెంట్ శామ్యూల్ రసెల్. ఇతని తండ్రి జాన్ రసెల్ లండన్‌లో పేరున్న చిత్రకారుడు. రసెల్ ఎంచుకున్నది పల్లాడియన్ శైలి. 16వ శతాబ్దిలో ఆండ్రియా పల్లాడియో వెనిస్ చుట్టుపక్కల భూస్వాములకు పొలాల నడుమ ఇళ్లు కట్టాడు. పురాతన రోమన్ ఆలయం ముఖద్వారాన్ని తెచ్చి ఇంటి ముందు నిలబెట్టడం అతని పద్ధతి. 1570లో అచ్చయిన అతని వాస్తు గ్రంథాన్ని 18వ శతాబ్దపు ఇంగ్లండు ప్రభువులు నెత్తిన పెట్టుకున్నారు. నేలకు ఒక అంతస్తు ఎత్తున ముఖ్యమైన గదులు, వాటికి చేర్చే విశాలమైన మెట్లు, నడుమ స్తంభాల మండపం, దానిపైన ముక్కోణపు నుదురు, రెండు పక్కలా ఒకదానికొకటి తూగే భాగాలు. ఇంగ్లండులో పల్లెసౌధం అంటే ఈ రూపమే స్థిరపడిపోయింది. డెర్బీషైర్‌లోని కెడిల్‌స్టన్ హాల్‌ను నమూనాగా పెట్టుకుని గవర్నర్ జనరల్ వెల్లెస్లీ కలకత్తాలో గవర్నమెంట్ హౌస్ కట్టించాడు. అది 1803లో పూర్తయింది. హైదరాబాద్‌లో పునాది పడిందీ ఆ ఏడే. వాషింగ్టన్‌లోని వైట్ హౌస్‌తో దీన్ని పోల్చడం గైడ్లకు అలవాటు. ఒకటి చూసి ఇంకొకటి కట్టారనడానికి మాత్రం ఆధారం లేదు. రెండూ ఒకే కాలంలో, ఒకే పల్లాడియన్ సంప్రదాయంలోంచి పుట్టాయి, అంతే.

భవనం ముఖం ఉత్తరానికి. రెండు భారీ సింహాల నడుమ నుంచి వెడల్పాటి మెట్లు పైకి సాగుతాయి. మెట్లెక్కితే ఆరు కొరింథియన్ స్తంభాలు, ఆకుల గుత్తులు చెక్కినట్టున్న బోదికలతో, రెండంతస్తుల ఎత్తు నిలబడి ఉంటాయి. వాటిపై ముక్కోణపు నుదుటి మీద కంపెనీ రాజచిహ్నం. దూరం నుంచి పాలరాయి అనుకుంటాం. దగ్గరికెళ్లి పెచ్చు ఊడిన చోట చూస్తే లోపల ఇటుక కనపడుతుంది. డంగు సున్నంతో ఇటుకలు పేర్చి, పైన మెత్తని గచ్చు పొరలు పొరలుగా పూసి, నునుపు తేలేదాకా రుద్దడం మన తాపీపనివాళ్లకు తరతరాల విద్య. మద్రాసులోని తెల్లదొరల ఇళ్లకు పాలరాతి మెరుపు తెచ్చిపెట్టింది ఈ గచ్చుపనే. నక్షా ఇటలీ నుంచి ఇంగ్లండు మీదుగా వచ్చినా, ఇక్కడి ఎండకూ వానకూ ఇన్నేళ్లు నిలిచింది ఈ సున్నం బలంతోనే అని చెప్పాలి.

మండపం దాటగానే దర్బారు హాలు. రెండంతస్తుల ఎత్తు, చుట్టూ స్తంభాలు, పైన గ్యాలరీ. కప్పు చూసి తీరాలి. అక్కడి పూలూ లతలూ చెక్కవీ కావు, గచ్చువీ కావు. కాగితపు గుజ్జును అచ్చుల్లో పోసి ఆరబెట్టి, రంగులు వేసి బిగించినవి. అంత ఎత్తున అంత వెడల్పు కప్పుకు బరువు పడకుండా నిండైన అలంకరణ చేయడానికి ఇది మంచి ఉపాయం. దానికి శత్రువు ఒక్కటే, నీళ్లు. కప్పు కారిందంటే గుజ్జు నాని ఊడిపోతుంది. తరవాతి కాలంలో ఈ హాలుకు వచ్చిన తిప్పలన్నీ అక్కడ మొదలైనవే. గోడలకు నిలువెత్తు అద్దాలు, నడుమ షాండ్లియర్లు ఉండేవి. వీటిలో కొన్ని బ్రైటన్‌లో ఇంగ్లండు యువరాజు విలాసభవనం నుంచి వచ్చాయని పాతకాలం నుంచీ చెబుతారు. దీపాల వెలుగు అద్దాల్లో పడి రెట్టింపయ్యే ఏర్పాటు అది. పై అంతస్తుకు తీసుకెళ్లే వంపు మెట్లను 19వ శతాబ్దపు వర్ణనలు భారతదేశంలోకెల్లా మేలైనవాటిలో ఒకటిగా మెచ్చుకున్నాయి. మెట్టు మెట్టుకీ ఒక్కో గ్రానైటు బండ వాడారని రాశాయి.

ఇదంతా ముందు వైపు ఇల్లు. వెనక తోటలో మరో ఇల్లు ఉండేది, దాని పేరు రంగ్ మహల్. కిర్క్‌పాట్రిక్ హైదరాబాద్ ఉన్నత కుటుంబానికి చెందిన ఖైరున్నీసాను పెళ్లాడాడు. ఆమె కోసం దక్కనీ పద్ధతిలో కట్టించిన జనానా అది. పరదా పాటించే ఆమెకు భవనం ముందు వైపు చూసే వీలు లేకపోయిందనీ, అందుకే తోటలో భవనానికి చిన్న నమూనా కట్టించి ఇచ్చాడనీ చెబుతారు. ఆ నమూనా నేటికీ ఉంది. స్తంభాలు, మెట్లతో సహా మనిషి వంగి చూడగలిగినంత ఎత్తున ఉంటుంది. భవనం పూర్తి కావడం కిర్క్‌పాట్రిక్ చూడలేదు. 1805 అక్టోబరులో కలకత్తాలో చనిపోయాడు. ఇద్దరు పిల్లలను అంతకు కొద్ది కాలం ముందే ఇంగ్లండుకు ఓడ ఎక్కించారు. తరవాత వచ్చిన రెసిడెంట్లకు ఆ పెళ్లి గుర్తులు రుచించలేదు. 19వ శతాబ్దిలోనే రంగ్ మహల్‌ను కూల్చేశారు. ఈ కట్టడం చరిత్రలో అసలు నష్టం అదే. మండపం పాడైతే బాగుచేసుకోవచ్చు, రంగ్ మహల్ గోడల మీద ఏముండేదో ఇక చూడలేం.

1857 సిపాయిల తిరుగుబాటు కాలంలో, జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో రోహిల్లాలు రెసిడెన్సీ మీద దాడి చేశారు. పుత్లీబౌలి వైపు ఇళ్లలో మాటు వేసి కాల్పులు జరిపారు. తెల్లవారేసరికి దాడి చెదిరిపోయింది. తుర్రేబాజ్ ఖాన్‌ను 1859లో చంపేశారు, మౌల్వీని అండమాన్‌కు పంపారు. ఆ తరవాత ఆవరణ చుట్టూ గోడలు, బురుజులు పటిష్ఠం చేశారు. తోట నడుమ పల్లెసౌధంలా మొదలైన ఇల్లు కోట వాలకం పట్టింది ఆ దెబ్బతోనే.

1947 తరవాత రెసిడెంట్ పదవే లేకుండా పోయింది. 1924లో మొదలైన ఉస్మానియా మహిళా కళాశాల 1949లో ఈ ఆవరణలోకి వచ్చింది. దర్బారు హాలు చుట్టూ గదుల్లో తరగతులు నడిచాయి. తెలంగాణ, ఆంధ్ర జిల్లాల నుంచి వచ్చిన ఎన్నో తరాల ఆడపిల్లలు ఆ సింహాల మధ్య మెట్లెక్కి చదువుకున్నారు. కాలేజీ ఉండబట్టే భవనం ఆక్రమణల పాలు కాకుండా బతికింది. అయితే పాఠాలు చెప్పే సంస్థకు ఇంత పాత కప్పును కాపాడే సొమ్ము ఎక్కడిది? వాననీళ్లు దిగి కప్పు చెడింది, గచ్చు రాలింది. ప్రపంచ కట్టడాల నిధి 2002లో దీన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. విలియం డాల్‌రింపుల్ రాసిన వైట్ మొఘల్స్ అదే ఏడాది వెలువడి, కిర్క్‌పాట్రిక్, ఖైరున్నీసాల కథను లోకమంతా చదివేలా చేసింది. తరవాత ఆ నిధి, రాష్ట్ర పురావస్తు శాఖ, దాతల సాయంతో ఏళ్ల తరబడి మరమ్మతులు సాగాయి. సిమెంటును దూరం పెట్టి మళ్లీ సున్నంతోనే పని చేయించారు. తోటలోని చిన్న నమూనానూ, దర్బారు హాలునూ బాగుచేశారు.

2022లో కళాశాల తెలంగాణ మహిళా విశ్వవిద్యాలయమైంది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు.