ఆట ముగిసిన పిమ్మట



తిరునాళ్లలోను, రథోత్సవములలోను జనసమూహమును ఒక దారిని నడిపించిన అనుభవముగల పెద్దలు మీలో పలువురుందురు. తేరు కదలునప్పటికంటె, తేరు నిలిచి జనము ఇండ్లకు మరలునప్పుడే ఎక్కువ జాగరూకత వలయునని మీ రెఱుగుదురు. అందఱును ఒక్కమాఱే కదలుదురు, దారి యొక్కటే, చీకటి పడుచుండును. వచ్చినవారిలో రెండూళ్లవారు పంతములు పట్టియున్నచో ఇక చెప్పనక్కఱలేదు. ఈ చిక్కునే ఇంగ్లండు దేశమువారు ఫుట్‌బాలు ఆటల విషయమున బహుకాలముగా ఎదుర్కొనుచున్నారు. దానిని విప్పబూని వారెట్టి ఘోరమునకు లోనైరో ఆ చరిత్రను నేడు మీకు విన్నవింపదలచితిని.

నేను కొంతకాలము ఆ దేశమున నివసించితిని. ఒక శనివారమునాడు నా మిత్రుడొకడు, తన యూరి జట్టు వేఱొక పట్టణమున ఆడుచున్నదని, నన్ను వెంటబెట్టుకొని పోయెను. ఆ పట్టణముల పేర్లు ఇచ్చట అనవసరము. రైలు దిగినది మొదలు మా కిరువైపుల పోలీసులు నడచిరి. కొందఱు గుఱ్ఱములపై నుండిరి. ఆట ముగిసెను. మా జట్టు ఓడినది. ఆ యూరివారందఱును లేచిపోయిరి గాని మా వాకిళ్లు మాత్రము తెఱవబడలేదు. వెలుపలి వీథులు ఖాళీయగువఱకు మేమచ్చటనే యుండవలయునని లౌడుస్పీకరులో చెప్పిరి. చినుకులు పడుచుండెను. ఇంచుమించు నలుబది నిమిషములు నిలుచుంటిమి. నా ప్రక్కనున్న వృద్ధుడు తన మందువేళ దాటుచున్నదని మనవి చేసికొనగా, కానిస్టేబులు, పాపము, మంచివాడే, అది తన చేతిలో లేదనెను. అది ఎవరి చేతిలో నున్నదో మాలో ఎవ్వరికిని తెలియదు. నాకు కోపము వచ్చినమాట నిజము. కాని అప్పుడే గోడ కావల, మాకొఱకు కాచుకొనియున్న కుఱ్ఱవాండ్ర కేకలు వినవచ్చినవి. గేటు మూసి యుంచినందులకు ఒకవంక సంతోషించితినని కూడ ఒప్పుకొనవలయును. ఈ రెండు భావములును నేటికిని నాలో సమాధానపడలేదు.

ఈ యేర్పాటు మొదటినుండియు ఉన్నది కాదు. 1888లో పండ్రెండు సంఘములతో ఇంగ్లండున ఫుట్‌బాలు లీగు ఏర్పడినప్పుడు, పొరుగూరి జట్టువెంట ప్రయాణము చేయువారు స్వల్పము. కూలివాడు శనివారము మధ్యాహ్నమువఱకు మిల్లులో పనిచేసి, సొంత యూరి ఆటకే పోగలిగెడివాడు. గొప్ప పోటీలకు మాత్రము రైల్వేవారు ప్రత్యేకపు బండ్లు నడిపెడివారు. వచ్చినవారు ఆ యూరివారితో భుజము భుజము తాకునట్లు నిలిచి ఆట చూచి పోయెడివారు. ఆ కాలమున ప్రమాదమనగా జనము మిక్కుటమగుటయే. 1946 మార్చి 9వ తేదీన బోల్టను పట్టణమున, పట్టినదానికంటె ఎక్కువమంది చొఱబడగా, తొక్కిడిలో 33 మంది మరణించిరి. అచ్చట జగడము లేదు, పగ లేదు. చోటు చాలకపోవుటయే కారణము.

1960 తరువాత పరిస్థితి మాఱెను. వేతనములు పెరిగినవి, రహదారులు పడినవి, ప్రయాణము సులభమైనది. యువకులు గుంపులుగా పొరుగూళ్లకు పోసాగిరి. గోలు వెనుకనున్న మెట్లను తమ కోటగా భావించి, పరాయివారు కాలు పెట్టినచో కొట్లాటకు దిగుట ఆచారమయ్యెను. 1974 ఆగస్టులో బ్లాక్‌పూల్ ఆటస్థలముననే ఒక బాలుడు కత్తిపోటుకు బలియయ్యెను. ఇట్టివి చూచిన పోలీసులు ఒక నిశ్చయమునకు వచ్చిరి: రెండు పక్షములవారు ఎచ్చటను ఒకరికొకరు తారసపడరాదు. అందుకై స్టేషనునుండి కావలి, వేఱు ద్వారములు, వేఱు మెట్లు, మైదానమునకు ముందఱ ఎత్తైన ఇనుప కంచె, ఆట ముగిసిన పిమ్మట నిర్బంధము, మఱల స్టేషనువఱకు కావలి. అతిథులను నిలిపిన ఆ యరలకు వారు పెట్టిన పేరు ఏమనుకొన్నారు? పశువుల దొడ్డికి ఆంగ్లమున ఏ పేరో అదియే! మన బందెలదొడ్డి యన్నమాట. పేరు పెట్టినవారికి దుర్బుద్ధి ఉండకపోవచ్చును. కాని దొడ్డియని పిలిచినచోట మనుష్యుని మనుష్యునిగా చూచుట క్రమముగా మఱచిపోవుదురేమో.

ఈ కంచెలు మేలా కీడా యను ప్రశ్నకు 1985 సంవత్సరము సమాధానము చెప్పియే యుండెను, విన్నవారు లేరు. ఆ యేడు మే 11వ తేదీన బ్రాడ్‌ఫర్డ్ పట్టణమున పాత కొయ్య కట్టడమొకటి కొన్ని నిమిషములలో భస్మమయ్యెను. 56 మంది మరణించిరి. వెనుకవైపునకు పరుగెత్తినవారు మూసిన గేట్లకడ చిక్కుకొనిరి. ముందునకు దూకినవారు మైదానములోనికి పోయి బ్రతికిరి. ఏలయన ఆ కట్టడమున కెదురుగా కంచె లేదు. పదునెనిమిది దినములకు, మే 29న, బెల్జియము దేశపు హైజెల్ ఆటస్థలమున ఇంగ్లండునకు చెందిన లివర్‌పూల్ పక్షమువారు కొందఱు ఇటలీవారిపై పడగా, గోడ కూలి, తొక్కిడియై 39 మంది ప్రాణములు కోల్పోయిరి. ఇందు దోషము లివర్‌పూల్ జనులలో కొందఱిదే, దానిని కప్పిపుచ్చరాదు. ఆంగ్ల సంఘములు యూరపు పోటీలనుండి ఐదేండ్లు వెలివేయబడినవి. లోకమంతయు రెండవ దుర్ఘటననే జ్ఞాపకముంచుకొనెను. కంచె లేక ప్రాణములు నిలిచిన మొదటిదాని పాఠము మఱుగున పడెను.

ఇక ముఖ్యమైన కథకు వత్తును. 1989 ఏప్రిల్ 15. షెఫీల్డు నగరమున హిల్స్‌బరో అను మైదానము. లివర్‌పూల్, నాటింగ్‌హాం ఫారెస్టు జట్లకు పోటీ. షెఫీల్డు ఇరువురికిని పరాయి యూరే. కావున ఆనాడు వచ్చిన వేలకొలది జనమంతయు అతిథులే. ఏ రైలునుండి, ఏ రోడ్డునుండి ఎవరు వత్తురో చూచి, వారు దారిలో కలియకుండునట్లు పోలీసులు చెఱియొక కొసను కేటాయించిరి. లివర్‌పూల్ వారికి లెప్పింగ్స్ లేన్ అను ఇఱుకైన వైపు వచ్చెను. 24,256 టిక్కెట్లవారికి 23 తిరుగుడు గేట్లు. వారిలో నిలిచి చూచు 10,100 మందికి ఏడు గేట్లే. తక్కిన గేట్లు ప్రతిపక్షమువారి కేటాయింపులో నున్నవి. ఇరుపక్షములను వేఱుచేయవలెనను ఒక్క తలంపు ఎట్టి లెక్కకు దారితీసెనో గమనింపుడు.

మధ్యాహ్నము మూడు గంటలకు ఆట. రెండున్నరకు గేట్ల వెలుపల ఊపిరాడనంత ఒత్తిడి ఏర్పడెను. 2 గంటల 52 నిమిషములకు, ఆనాటి పోలీసు అధికారి డేవిడ్ డకెన్‌ఫీల్డ్ అనుమతిపై, వెలుపలికి పోవు పెద్ద గేటొకటి తెఱచిరి. ఆయన ఆ పదవికి వచ్చి మూడు వారములైన కాలేదు. లోనికి వచ్చినవారి కెదురుగా ఒక సొరంగపు దారి. అది నేరుగా అప్పటికే నిండిన నడిమి దొడ్లలోనికి పోవును. ప్రక్క దొడ్లలో చోటున్నది. సొరంగమునకు అడ్డముగా నలుగురు కానిస్టేబులులు నిలిచి, ప్రక్కకు పొండని చెప్పినచో చాలియుండును. ఎవ్వరును నిలువలేదు.

ముందున్నవారు కంచెకు అదుముకొనిపోయిరి. ప్రాణభీతితో కంచె నెక్కినవారిని చూచి, మైదానముపై దాడికి వచ్చుచున్నారని కొందఱు పోలీసులు తలంచి వెనుకకు నెట్టిరి. పిమ్మట రెండు పక్షములు కొట్టుకొనకుండ మైదానము నడుమ పోలీసుల వరుస నొకటి నిలిపిరి. చచ్చుచున్నవారు ఒకవైపు, కొట్లాటకై చూచుచున్న వరుస మఱియొకవైపు! 3 గంటల 6 నిమిషములకు ఆట ఆపిరి. ప్రకటనల బల్లలనూడబెఱికి, వానిపై తోటి ప్రేక్షకులే మూర్ఛిల్లినవారిని మోసిరి. మొత్తము 97 మంది మృతులు. వారిలో కడపటివాడు ముప్పదిరెండేండ్లు ఆ గాయముల ఫలితముననుభవించి 2021లో కన్నుమూసెను.

నాకు మిక్కిలి బాధ కలిగించునది ఆ తరువాతి కథ. గేటును ప్రేక్షకులే బలవంతముగా తెఱచిరని ఆ అధికారి అప్పుడే చెప్పెను. అది అసత్యము. త్రాగి వచ్చిరని, శవముల జేబులు దోచిరని కూడ వ్రాసిన పత్రిక కలదు. విచారణ జరిపిన న్యాయమూర్తి టేలర్, ఆ యేటి ఆగస్టులోనే, ముఖ్యకారణము పోలీసుల అదుపు తప్పుటయేయని స్పష్టముగా వ్రాసెను. అయినను 1991లో ఆ మరణములు ప్రమాదవశమున కలిగినవని తీర్పు వచ్చినది. తల్లులు, తండ్రులు ఊరకుండలేదు. 2012లో స్వతంత్ర సంఘమొకటి కాగితములన్నియు పరిశీలించి, పోలీసుల వాఙ్మూలములలో 164 దిద్దబడినవని బయటపెట్టెను. 2016 ఏప్రిల్ 26న జ్యూరీవారు, అవి చట్టవిరుద్ధముగా జరిగిన మరణములని, ప్రేక్షకుల దోషమేమియు లేదని తేల్చిరి. ఒక్క మాట నిజమని అనిపించుకొనుటకు ఇరువదియేడేండ్లు! డకెన్‌ఫీల్డ్‌పై నడచిన క్రిమినలు విచారణలో మాత్రము 2019లో ఆయన నిర్దోషియని జ్యూరీ తీర్మానించినది.

పిమ్మట కంచెలు పడగొట్టిరి. పెద్ద సంఘముల మైదానములలో అందఱికిని కుర్చీలు వేయించిరి. పోలీసులకు బదులు సంఘమువారి పరిచారకులే జనమును నడుపుట హెచ్చెను. కొట్లాటకు పేరుపడినవానిని న్యాయస్థానము ద్వారా వ్యక్తిగతముగా ఆటలకు రాకుండ నిషేధించు చట్టములు వచ్చినవి. ఊరినంతను దొడ్డిలో పెట్టుటకంటె ఇది నయమని నా అభిప్రాయము. అయినను పాత బుద్ధి పూర్తిగ పోలేదు. 2008 నవంబరులో స్టోక్ పట్టణపువారు కొందఱు మాంచెస్టరు ఆటకు పోవుచు దారిలో ఒక పానశాలయందు కూర్చుండగా, ఏ గొడవయు చేయకుండగనే, పోలీసులు వారిని నిర్బంధించి బస్సులలో ఇంటికి పంపివేసిరి. తరువాత క్షమాపణ చెప్పి పరిహారమిచ్చిరి.

వేఱొక మార్గము 2004లో పోర్చుగల్ దేశమున కనబడినది. యూరపు పోటీలకు వేలకొలది ఆంగ్లేయులు రాగా, నగరములలోని పోలీసులు శిరస్త్రాణములు, డాళ్లు కనబడనీయక, మామూలు దుస్తులలో ఇరువురిరువురుగా తిరుగుచు, వచ్చినవారితో ముచ్చటించుచు, దారి చూపుచుండిరి. బలగము ప్రక్క సందులలో సిద్ధముగనే యున్నది, కాని కనబడలేదు. లిస్బను మైదానముకడ పెద్ద అల్లర్లు లేవు. ఎవడైన తుంటరి లేచినచో తోటి ఆంగ్లేయులే మందలించిరని ఆ విషయమును పరిశోధించిన క్లిఫర్డ్ స్టాట్ మున్నగువారు వ్రాసియున్నారు. మన పెద్దలకిది క్రొత్త సంగతి కాదు. మర్యాద చేసిన యింట అతిథియే తన బిడ్డను అదుపులో పెట్టుకొనును.

పోలీసువానికిని ఫుట్‌బాలునకును పుట్టువైరమని తలపవలదు. మన హైదరాబాదు నగర పోలీసు జట్టు, రహీముగారి శిక్షణలో, 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదుమాఱులు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచినది. వారును పరాయి యూర ఆడినవారే.

వేఱుచేయుటయే తప్పని కూడ నేననను. 1980 ఆగస్టు 16న కలకత్తా ఈడెన్ తోటలో మోహన్ బగాన్, ఈస్టు బెంగాల్ జట్ల ఆటనాడు ఇరుపక్షములవారును ఒకచోట కలిసి కూర్చుండగా కలహము పుట్టి, తొక్కిడిలో 16 మంది మరణించిరి. వేఱు మెట్లుండవచ్చును. కాని తీయరాని కంచె, తెఱవని గేటు ఉండరాదు.

పొరుగూరివారిని రానీయకున్నచో చిక్కే యుండదని చెప్పువారున్నారు. ఇండొనీషియాలో అట్లే చేసిరి. 2022 అక్టోబరు 1వ తేదీ రాత్రి మలాంగు ప్రాంతపు కంజురుహాన్ ఆటస్థలమున అరేమా జట్టు, తన చిరకాల ప్రత్యర్థియైన సురబాయ జట్టుచేత 3–2గా ఓడినది. సురబాయ ప్రేక్షకులను ముందే నిషేధించియుండిరి. మైదానములోనికి దిగినవారు ఆ యూరివారే. పోలీసులు బాష్పవాయువును ప్రయోగించిరి. అది మెట్లమీద కూర్చున్న కుటుంబములపైనను పడెను. ఫుట్‌బాలు అంతర్జాతీయ సంఘపు నిబంధనలు మైదానములో దానిని వాడరాదనుచున్నవి. కన్నులు కనరాక జనము ద్వారములకు పరుగెత్తిరి. ఇఱుకైన ద్వారములకడ, ముఖ్యముగా 13వ ద్వారముకడ, ఒకరిపై నొకరు పడిరి. 135 మంది మరణించిరి. వారిలో ముప్పదిమందికి పైగా పిల్లలు. సురబాయ ఆటగాండ్రను పోలీసులు కవచవాహనములలో నెక్కించి, ఆ రాత్రియే క్షేమముగా ఊరు దాటించిరి.