కాటా చెప్పే కొవ్వు లెక్క ఎవరి ఒంటిది?

రైల్వే స్టేషన్లో రూపాయి బిళ్ళ వేస్తే రంగు దీపాలు తిరిగి, అట్టముక్క మీద ఒకవైపు బరువు, రెండోవైపు జాతకం అచ్చేసి ఇచ్చే మిషన్ గుర్తుందా? ఇప్పుడు ఇళ్లలోకి వచ్చిన గాజు పలక మిషన్లు దానికి మనవరాళ్లు. కాళ్లు పెట్టగానే కొవ్వు, కండ, నీరు, ఎముక అంటూ ఫోన్ నిండా అంకెలు. ఇన్నింటిలో మిషన్ నిజంగా కొలిచేవి రెండే. ఒకటి మన బరువు. రెండోది, పాదాల కింద రేకుల నుంచి పంపిన సన్నటి కరెంటును మన ఒళ్లు ఎంత అడ్డుకుందన్నది. మిగతాదంతా లెక్క గట్టి చెప్పే మాటే, అంటే జాతకం వైపు అన్నమాట!

ఆ లెక్క ఎక్కడ పుట్టిందా అని చదువుతూ పోతే అమెరికా నౌకాదళం తేలింది. ఆల్బర్ట్ బెంకే అని అక్కడి డాక్టరు. మనిషిని బయట ఒకసారి, నీళ్లలో ముంచి ఒకసారి తూచాడు. కొవ్వు నీళ్ల మీద తేలుతుంది, కండా ఎముకా మునుగుతాయి. కాబట్టి రెండు బరువుల తేడాను బట్టి ఒంట్లో కొవ్వెంతో అంచనా కట్టొచ్చు. 1942లో ఆయన ఫుట్‌బాల్ ఆటగాళ్లను ఇలాగే తూచి, బరువు పట్టీల ప్రకారం లావు అనిపించుకున్న చాలామందికి ఉన్నది కొవ్వు కాదు, కండ అని చూపించాడు. తూచింది నౌకాదళం వాళ్లనీ ఆటగాళ్లనీ. వాళ్లలో ఇద్దరు పిల్లల్ని కన్న తల్లి ఎవరూ లేరు.

తర్వాత 1945లో పేస్, రాత్‌బన్ అనే ఇద్దరు, కొవ్వు తీసేస్తే మిగిలే శరీరంలో దాదాపు 73 శాతం నీరే అని తేల్చారు. ఇంతకీ వాళ్లు చూసింది మనుషుల్ని కాదు, గినీ పందుల్లాంటి జంతువుల్ని. ఇప్పటికీ చాలా లెక్కలకు ఆ 73 ఆధారం. నీళ్లున్న కండలో కరెంటు సులువుగా పోతుంది, కొవ్వులో పోదు. అందుకే ఒంట్లో నీరెంతో తెలిస్తే కొవ్వెంతో చెప్పొచ్చన్నారు. 1960ల్లో ఫ్రాన్స్‌లో తోమాసే అనే డాక్టరు చర్మం కిందికి సూదులు గుచ్చి ఈ అడ్డు కొలిచాడు. సూదులు పోయి అతికించే రేకులొచ్చాయి. 1992లో జపాన్ కంపెనీ తనితా, నిలబడితే చాలు అనే మిషన్ తెచ్చింది.

నిలబడితే చాలు అన్న సుఖంలోనే ఒక లోటుంది. కరెంటు ఒక కాలి నుంచి పైకెళ్లి, పొత్తికడుపు దాటి రెండో కాల్లోంచి దిగిపోతుంది. బొడ్డు పైన ఏముందో అది చూడదు. చూడనిదాన్ని వయసు, ఎత్తు, ఆడా మగా అన్న వివరాలతో ఊహిస్తుంది. నేను సరదాకి మా వారి వివరాల మీద ఎక్కాను. క్షణంలో నా కొవ్వు బాగా తగ్గింది. ఇన్నేళ్ల కాపురంలో అంత తేలికైన సాయం ఆయన నుంచి అందలేదు!

మనవాళ్లకు కొవ్వు పేరుకునేది మాత్రం సరిగ్గా ఆ నడుము పైభాగంలోనే. 2004లో లాన్సెట్ పత్రికలో పుణె డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టరు జాన్ యుద్కిన్ తమ ఫొటో వేసి మరీ చెప్పారు. ఎత్తుకు తగ్గ బరువు లెక్క, అదే బీఎంఐ, ఇద్దరికీ ఒకటే: 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుద్కిన్‌కి 9.1 శాతం, మన యాజ్ఞిక్ గారికి 21.2. ఆయన మారథాన్లు పరిగెడతారు, ఈయన పరుగు ఆసుపత్రి లిఫ్టు తలుపు మూసుకునేలోపు అందుకోవడానికే అని వాళ్లే చమత్కరించారు. కానీ అదొక్కటే కారణం కాదు. పుణె దగ్గరి పల్లెల్లో పుట్టిన పిల్లల్ని యాజ్ఞిక్ బృందం ఇంగ్లండులోని సౌతాంప్టన్ పిల్లలతో పోల్చింది. అక్కడి బిడ్డ సగటున 3.5 కిలోలు, ఇక్కడి బిడ్డ 2.7. ఇంత చిన్న బిడ్డలోనూ తగ్గింది ఎక్కువగా కండే, చర్మం కింద కొవ్వు అంతగా తగ్గలేదు. అంటే కథ అమ్మ కడుపులోనే మొదలవుతోంది.

మా వారి అక్కకి షుగరని తెలిసినప్పుడు ఇంట్లో ఎవరూ నమ్మలేదు. మనిషి 47 కిలోలు. "ఇంత సన్నగా ఉన్నావు, నీకు షుగరేంటి వదినా?" అని అందరూ అడిగారు. ఇదంతా చదివాక నాకు ఆ ప్రశ్న వింతగా లేదు. కానీ వదిన ఈ మిషన్ ఎక్కి, 33 శాతం అని చూసి బెంగపడి, రాత్రి తిండి మానేసింది. షుగర్ మాత్ర మాత్రం వేసుకుంటూనే ఉంది! ఎండాకాలం, నీళ్లూ తక్కువే తాగింది. ఒంట్లో నీరు తగ్గితే కరెంటుకి అడ్డు పెరుగుతుంది, మిషన్ దాన్ని కొవ్వు కింద రాస్తుంది. పస్తులుంటే అంకె ఇంకా పైకి పోయింది. ఆవిడ ఏడ్చిన రోజు ఈ చరిత్ర మొత్తం కూర్చోబెట్టి చెప్పాను, మర్నాడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. మాత్ర వేసుకుని తిండి మానడం ఎంత ప్రమాదమో ఆయన చెప్పాక గానీ భోజనానికి కూర్చోలేదు.

మిషన్ను నేనూ వాడతాను. పొద్దున్నే, ఏమీ తినకముందు, వారానికొకసారి. నెలసరి ముందు రోజుల్లో ఒళ్లు నీరు పడుతుంది కాబట్టి ఆ అంకె రాసుకోను. రెండు నెలల వరస చూస్తాను, ఒక్కరోజు అంకె చూడను. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఆ కరెంటు మీద నిలబడకూడదు, గర్భిణులకూ వద్దంటారు.

వదిన ఇప్పుడు బ్లౌజులు కొలిచే టేపుతో నడుము కొలుచుకుంటోంది. మన దక్షిణాసియా ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త అంటారు. పోయిన నెల ఆవిడది 86, ఈ నెల 85.