పరీక్ష కాగితం మీద ఏ తెలుగు?

గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారిని మనం వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా ఎరుగుదుం. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. అయితే ఆ ఉద్యమం పుట్టింది బడిలో, పెద్ద పోరు జరిగింది పరీక్ష దగ్గర. మన బడి స్వర్ణోత్సవ సంచికలో ఆ సంగతి చెప్పుకోవడం సబబనిపించింది.

గిడుగువారు 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా చేరి, 1911లో విరమించారు. ఆ చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకు ఆ భాషలోనే వాచకాలు రాశారు. సొంత ఖర్చుతో బడులు నడిపారు. ఇంట్లో మాట్లాడే మాటతోనే చదువు మొదలవ్వాలన్నది ఆయన పుస్తకాల్లో చదివి చెప్పిన మాట కాదు, పిల్లల దగ్గర తెలుసుకున్నది.

అప్పట్లో తెలుగు పిల్లల పరిస్థితీ గొప్పగా ఏమీ లేదు. "వాన పడుతోంది" అనే పిల్లవాడు పరీక్షలో "వర్షము కురియుచున్నది" అని రాయాలి. చెప్పదలచిన విషయం కంటే తప్పు పడుతుందేమోనన్న భయమే ముందుండేది. పెద్ద పండితుల గ్రాంథిక వచనంలోనూ తప్పులున్నాయని గిడుగువారు ఏరి చూపించారు. పండితులకే పట్టుబడని భాషలో పిల్లలకు పరీక్షలేమిటన్నది ఆయన వాదన.

ఉత్తర జిల్లాల పాఠశాలల ఇన్‌స్పెక్టరు జె.ఎ. యేట్స్‌కు కూడా జనం తెలుగు ఒకటి, పుస్తకాల తెలుగు ఇంకొకటి ఎందుకున్నాయన్న సందేహం కలిగింది. విశాఖపట్నం ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడ, గిడుగు ఆయనతో కలిశారు. ఫలితంగా 1912లో స్కూలు ఫైనల్ వ్యాసాన్ని పాత భాషలో గాని, వాడుక భాషలో గాని రాయవచ్చని ఉత్తర్వు వచ్చింది.

వెంటనే పెద్ద దుమారం లేచింది. జయంతి రామయ్య పంతులుగారి వంటివారు గట్టిగా ఎదిరించారు. జిల్లాకో తీరుగా ఉండే మాటలను రాతలోకి తెస్తే భాష చీలిపోతుందన్నది వారి భయం. అది తేలిగ్గా కొట్టిపారేయదగ్గది కాదు. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రం సమర్పించినా ఫలితం లేకపోయింది. సంప్రదాయమే గెలిచింది, ఇచ్చిన వెసులుబాటూ పోయింది. మరుసటి ఏడాదే గురజాడ కన్నుమూశారు. 1919లో గ్రాంథికంలో చేయితిరిగిన వీరేశలింగంగారే వాడుక భాషా సమాజానికి అధ్యక్షులయ్యారు. అయినా బడి తలుపు తెరుచుకోలేదు. 1940లో గిడుగువారూ వెళ్ళిపోయారు. కథలు, నాటకాలు, పత్రికలు ఒక్కొక్కటిగా వాడుక భాషలోకి వచ్చాక, చివరికెప్పుడో పాఠ్యపుస్తకాలు వచ్చాయి. పరీక్ష లేని చోట భాష ముందు మారింది, పరీక్ష ఉన్నచోట ఆఖరున మారింది.

నేను ఇంజనీరుని. శ్లాబు పోసేటప్పుడు కొంత కాంక్రీటు తీసి క్యూబులు చేసి, 28 రోజులకు వాటి బలం చూస్తాం. క్యూబులను మాత్రం శ్రద్ధగా కూరి, నీళ్ళలో నానబెట్టి, శ్లాబును ఎండకు వదిలేస్తే కాగితం మీద అంతా బాగానే ఉంటుంది. ఇల్లే కురుస్తుంది. పరీక్షలు చదువును కొలవడానికి పుట్టాయి. చదువే పరీక్షకు కొలతైతే జరిగేది ఇదే.

ఏ తెలుగులో రాయాలన్న తగువు తీరిపోయింది. కనీసం 5వ తరగతి వరకు వీలైనచోటల్లా మాతృభాషలో బోధించాలని 2020 జాతీయ విద్యావిధానమూ చెబుతోంది. కానీ గైడులో ఉన్నది ఉన్నట్టు రాసిన పిల్లకూ, అర్థం చేసుకుని సొంత మాటల్లో రాసిన పిల్లకూ మార్కులు ఎలా పడుతున్నాయి? పేపర్లు దిద్దే మన గురువులకే అది తెలుసు.

అందుకే మన సంఘానికి ఒక మనవి. ఏటా ఇచ్చే బహుమతుల్లో ఒకటి మార్కుల జాబితాతో పని లేకుండా ఇద్దాం. తను నేర్చుకున్న పాఠం ఏదైనా, తోటివాళ్ళకు అర్థమయ్యేలా సొంత మాటల్లో చెప్పగలిగిన పిల్లకో పిల్లవాడికో అది దక్కాలి. దాన్ని పంతులుగారి పేరున, ఆగస్టు 29న ఇస్తే ఇంకా బాగుంటుంది.